నల్లగొండ నుండి హావ్‌లాక్ దీవికి పదిమంది ప్రయాణం: విమానానికీ ఫెర్రీకీ పొత్తు కుదిరేదెలా?

పానగల్లు వాసి — అక్టోబరు 12, రాత్రి 9.20

సభ్యులందరికీ నమస్కారం. వచ్చే సంక్రాంతి సెలవుల్లో మా ఇంటిల్లిపాదీ అండమాన్‌లోని హావ్‌లాక్ దీవికి వెళ్లాలని నిశ్చయించుకున్నాము. డెబ్బయి ఒకటో ఏట ఉన్న మా నాన్నగారు, మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న అమ్మ, నేనూ నా భార్యా మా ఇద్దరు పిల్లలూ, మహబూబ్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడూ మరదలూ వాళ్ల ఇద్దరు పిల్లలూ కలిసి పదిమందిమి. మాలో ఒక్కరు కూడా ఇంతకుముందు సముద్రం మీద ప్రయాణం చేయలేదు. నాగార్జునసాగర్‌లో నాగార్జునకొండకు వెళ్లే లాంచీ ఎక్కడమే మాకు తెలిసిన జలయాత్ర.

నేను వేసుకున్న పథకం ఇది. జనవరి 11 తెల్లవారుజామున శంషాబాద్‌లో విమానం ఎక్కి, ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, అదే రోజు మధ్యాహ్నం ఫెర్రీలో హావ్‌లాక్ చేరాలి. అక్కడ రెండు రాత్రులు ఉండి, 13వ తేదీన నీల్ దీవికి మారి, అక్కడ మరో రెండు రాత్రులు గడపాలి. 15వ తేదీ ఉదయం నీల్ నుండి ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్‌కు పదకొండున్నరకు వచ్చి, మధ్యాహ్నం ఒకటిన్నరకు హైదరాబాదు విమానం ఎక్కాలి. కాగితం మీద అన్నీ ఒకదానికొకటి చక్కగా అతికినట్లే కనిపిస్తున్నాయి. విమాన టిక్కెట్లు ఇంకా కొనలేదు. కొనే ముందు అనుభవం ఉన్నవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను. మా తమ్ముడు మాత్రం ధరలు పెరుగుతున్నాయి, వెంటనే కొనేయమని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

పాలమూరు పథికుడు — అక్టోబరు 12, రాత్రి 10.45

పానగల్లు వాసి గారూ, తమ్ముడి మాట విని ఈ రాత్రే టిక్కెట్లు కొనకండి. మీ పథకంలో చివరి రోజు చాలా ప్రమాదకరంగా ఉంది. ఆ ప్రమాదంలో నేను స్వయంగా పడినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2022లో మేము ఎనిమిదిమందిమి వెళ్లాము. తిరుగు ప్రయాణానికి సరిగ్గా మీలాగే ఉదయం నీల్ నుండి ఫెర్రీ, మధ్యాహ్నం విమానం పెట్టుకున్నాము. ఆ రోజు ఆకాశం నిర్మలంగానే ఉంది, ఒక్క చినుకు కూడా లేదు. అయినా లోపల సముద్రం మీద గాలి ఎక్కువగా ఉందని, పడవలను వదలడం లేదని ఏడున్నరకు జెట్టీ (పడవల రేవు) దగ్గర చెప్పారు. మధ్యాహ్నం గాలి తగ్గిన తరువాత ఒక పడవ వచ్చింది. మేము పోర్ట్ బ్లెయిర్‌లో దిగేసరికి మా విమానం బహుశా బంగాళాఖాతం దాటుతూ ఉండి ఉంటుంది. ఫెర్రీ రద్దయినందుకు ఆ టిక్కెట్టు డబ్బు తిరిగి వచ్చింది కానీ, విమాన సంస్థకు దానితో ఏ సంబంధమూ లేదు కదా! వాళ్ల దృష్టిలో మేము సమయానికి రాని ప్రయాణికులము, అంతే. మరునాటికి ఎనిమిది టిక్కెట్లు కొత్తగా కొనవలసి వచ్చింది. ఒక్క రోజు ముందుగా కొనే టిక్కెట్టు ధర ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వెళ్లిన ఖర్చంతా ఒక ఎత్తు, ఆ ఒక్క రోజు ఖర్చు ఒక ఎత్తు.

అందుచేత నేను చెప్పేది ఒక్కటే. ఆఖరి రాత్రి తప్పనిసరిగా పోర్ట్ బ్లెయిర్‌లోనే పడుకోవాలి. మొదట ఫెర్రీని నిర్ణయించుకుని, దాని చుట్టూ విమానాన్ని అమర్చుకోవాలి. మనలో చాలామంది విమానం చౌకగా దొరికింది కదా అని ముందు దానిని కొని, తరువాత పడవను అందులో ఇరికించాలని చూస్తారు.

దేవరకొండ మాస్టారు — అక్టోబరు 13, ఉదయం 6.10

పథికుడు గారు చెప్పినది అక్షరాలా నిజం. భూగోళ శాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక నా వంతుగా రెండు విషయాలు కలుపుతాను.

మొదటిది పేర్ల సంగతి. 2018 డిసెంబరులో హావ్‌లాక్‌ను స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్‌ను షహీద్ ద్వీప్ అనీ, రాస్ దీవిని నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అనీ మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్‌కు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. టిక్కెట్లు కొనే చోట్ల ఒకచోట పాత పేరు, మరొకచోట కొత్త పేరు కనిపించవచ్చు. స్వరాజ్ ద్వీప్, హావ్‌లాక్ వేర్వేరు దీవులనుకుని కంగారు పడిన కుటుంబం నాకు తెలుసు.

రెండవది మీ పథకానికి సూటిగా సంబంధించినది. మన గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. నల్లగొండ దానికి పడమరగా 79 డిగ్రీల పైచిలుకులో ఉంటే, హావ్‌లాక్ తూర్పున 93 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్క కడితే రేఖాంశం వల్లనే దాదాపు 55 నిమిషాల తేడా వస్తుంది. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే! జనవరి మధ్యలో మన దగ్గర ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గూకితే అక్కడ ఐదుంబావుకే గూకుతుంది. మీరు మధ్యాహ్నం రెండు గంటలకు బయలుదేరే ఫెర్రీ ఎక్కితే మూడున్నర దాటాక దిగుతారు. సామాను దించుకుని గదులకు చేరేసరికి నాలుగున్నర అవుతుంది. ఇక ఆ రోజు హావ్‌లాక్‌లోని రాధానగర్ తీరం చూడవచ్చునన్న ఆశ పెట్టుకోవద్దు. దీవి రోజు తెల్లవారుజామున మొదలై తొందరగా ముగుస్తుంది. పడవలు కూడా చీకటి పడకముందే రేవు చేరేలా సమయాలు పెట్టుకుంటాయి కాబట్టి, సాయంత్రం ఏదో ఒక పడవ దొరక్కపోతుందా అనే ధీమా అక్కడ పనికిరాదు.

మిర్యాలగూడ మిల్లు — అక్టోబరు 13, ఉదయం 11.30

పదిమందికి విమానం ఖర్చంటే మాటలు కాదు. విశాఖపట్నం నుండి పోర్ట్ బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ ఉంది కదా, దానిని ఎవరూ ప్రస్తావించరేమి? జన్మభూమి ఎక్స్‌ప్రెస్ మన నల్లగొండ, మిర్యాలగూడల మీదుగానే విశాఖకు పోతుంది. ఓడలో బంకు తరగతిలో (ఒకదానిపై ఒకటిగా ఉండే పడకల్లో) వెళితే విమానంలో నాలుగో వంతు ఖర్చు కూడా కాకపోవచ్చు. పిల్లలకు సముద్రం చూసిన తృప్తి కూడా మిగులుతుంది.

దీవిలో సూర్యాపేట — అక్టోబరు 13, సాయంత్రం 5.50

మిల్లు గారూ, ఓడ ఉన్న మాట నిజమే. నేను సూర్యాపేట నుండి వచ్చి ఇక్కడ పోర్ట్ బ్లెయిర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చెన్నై, కోల్‌కతా, విశాఖల నుండి ప్రయాణికుల ఓడలు వస్తాయి. ఒక్కొక్క ప్రయాణం రెండున్నర, మూడు రోజులు పడుతుంది. విశాఖ నుండి వచ్చేవి మరీ అరుదు, నెలకు ఒకటి వస్తే గొప్ప. అవి ప్రధానంగా దీవుల్లో ఉండేవారి రాకపోకల కోసం నడుస్తాయి, తేదీలు మారుతూ ఉంటాయి. రానూ పోనూ ఆరు రోజులు సముద్రం మీదే గడిస్తే సంక్రాంతి సెలవులు అక్కడే అయిపోతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మను నిటారు మెట్ల మీద పై బంకు ఎక్కించి దించడం మరో కష్టం. ఒంటరిగా, తీరికగా వచ్చే యువకులకైతే నేనే ఓడను సిఫారసు చేస్తాను.

ఇప్పుడు ఫెర్రీల గురించి చెబుతాను. ఇక్కడివాళ్లకు ఇవి మీకు ఆర్టీసీ బస్సుల లాంటివి. పోర్ట్ బ్లెయిర్ నుండి హావ్‌లాక్ ఈశాన్య దిశగా నలభై కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రభుత్వ ఫెర్రీలు ఫీనిక్స్ బే జెట్టీ నుండి, మక్రుజ్, నాటికా, గ్రీన్ ఓషన్ వంటి ప్రైవేటు పడవలు హడ్డో వైపు నుండి బయలుదేరుతాయి. ఈ రెండు రేవులూ ఒకటి కావు. టిక్కెట్టు మీద ఏ జెట్టీ అని ఉందో చదవకుండా ఆటో ఎక్కి, వేరే జెట్టీకి చేరి, అక్కడి నుండి పరుగులు తీసేవారిని నేను తరచుగా చూస్తుంటాను. ప్రభుత్వ పడవకు రెండున్నర గంటలు పడుతుంది, చార్జీ కొన్ని వందల్లోనే ఉంటుంది, కానీ సీట్లలో దీవుల వాసులకు ప్రాధాన్యం ఉంటుంది, అమ్మకం కొద్ది రోజుల ముందే మొదలవుతుంది. పండుగ రోజుల్లో పదిమందికి ఒకేసారి దొరుకుతాయని నమ్ముకుని ఎవరూ రావద్దు. ప్రైవేటు వేగపు పడవలు గంటన్నర, రెండు గంటల్లో చేరుస్తాయి. తరగతిని బట్టి ఒక్కొక్కరికి పదిహేను వందల నుండి రెండున్నర వేల మధ్య అవుతుంది. వీటి సీట్లు చాలా ముందుగానే కొనవచ్చు.

విమానంలో లాగానే వీటికీ గంట ముందు రేవుకు చేరాలి, ఆధార్ చూపాలి, సామాను యంత్రంలో తనిఖీ చేస్తారు. టిక్కెట్టులో పేరు ఆధార్‌లో ఉన్నట్లే ఉండాలి. మన తెలుగువాళ్ల ఇంటిపేర్లతో ఇక్కడ ఎప్పుడూ చిక్కే! ఒకచోట పొడి అక్షరం, మరొకచోట పూర్తి ఇంటిపేరు ఉంటే ఎదుటివాడికి అర్థం కాదు. విమానానికీ, ఫెర్రీకీ, గదికీ ఒకే విధంగా రాయండి.

ఒక ఓదార్పు మాట కూడా చెబుతాను. ఇక్కడ తెలుగు మాట్లాడేవారు తక్కువేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. ఎక్కువమంది శ్రీకాకుళం వైపు నుండి వచ్చి స్థిరపడినవారు. ఆటో ఎక్కిన తరువాత ఒకసారి తెలుగులో పలకరించి చూడండి, చాలాసార్లు తెలుగులోనే సమాధానం వస్తుంది.

పానగల్లు వాసి — అక్టోబరు 13, రాత్రి 9.05

మీ అందరికీ కృతజ్ఞతలు. పథికుడు గారి అనుభవం మా తమ్ముడికి చదివి వినిపించాను. ఫోన్‌లో కాసేపు మాట లేదు. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండాలన్నది ఒప్పుకున్నాము. అయితే ఒక సందేహం ఉంది. వెళ్లే రోజున కూడా ఇదే ప్రమాదం ఉంటుంది కదా! విమానం ఆలస్యమైతే మధ్యాహ్నం ఫెర్రీ తప్పిపోతుంది. మరి మొదటి రాత్రి కూడా పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండాలా? అలా చేస్తే నాలుగు రాత్రుల్లో రెండు పట్టణంలోనే పోతాయి. ఇంత దూరం వెళ్లి దీవిలో రెండే రాత్రులా అని పిల్లలు గొడవ చేస్తున్నారు.

పాలమూరు పథికుడు — అక్టోబరు 13, రాత్రి 9.50

రెండు ప్రమాదాలూ ఒకే రకంగా కనిపిస్తాయి కానీ వాటి బరువు ఒకటి కాదు. వెళ్లేటప్పుడు ఫెర్రీ తప్పితే మీరు పోగొట్టుకునేది ఫెర్రీ టిక్కెట్టూ హావ్‌లాక్‌లో ఒక రాత్రి గది అద్దే. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్కడో ఒకచోట తల దాచుకుని మరునాడు ఉదయం పడవలో వెళతారు. వచ్చేటప్పుడు ఫెర్రీ తప్పితే పోయేది పది విమాన టిక్కెట్లు. అందుకని వెళ్లేటప్పుడు సాహసం చేయవచ్చు, వచ్చేటప్పుడు చేయకూడదు. ఉదయం తొమ్మిదిన్నరకు దిగే విమానానికీ రెండు గంటల ఫెర్రీకీ మధ్య నాలుగున్నర గంటలు ఉన్నాయి. విమానాశ్రయం నుండి జెట్టీకి అరగంట కూడా పట్టదు. విమానం రెండు గంటలు ఆలస్యమైనా మీకు ఊపిరి ఉంటుంది. పదకొండున్నరకు దిగే రెండో విమానం నాలుగు వేలు చౌకగా ఉన్నా సరే, దానివైపు చూడకండి.

దేవరకొండ మాస్టారు — అక్టోబరు 14, ఉదయం 5.45

ఈ ఒక్క విషయంలో పథికుడు గారితో నాకు కొంత భేదాభిప్రాయం ఉంది. డెబ్బయి దాటిన మనిషి అర్ధరాత్రి నల్లగొండలో బయలుదేరి, తెల్లవారుజామున విమానం ఎక్కి, నాలుగు గంటలు జెట్టీ దగ్గర కూర్చుని, ఆపైన పడవ ఎక్కాలంటే ఆ మొదటి రోజు పదహారు గంటల ప్రయాణమవుతుంది. డబ్బు లెక్కకు సరిపోయినంత మాత్రాన శరీరం లెక్కకు సరిపోదు. నా మటుకు నేను మొదటి రాత్రి పట్టణంలోనే ఉన్నాను. సాయంత్రం సెల్యులార్ జైలు చూశాను. 1857 జూలైలో తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి హైదరాబాదు రెసిడెన్సీపై దాడి చేసిన మౌల్వీ అల్లాఉద్దీన్‌ను ఈ దీవులకే పంపించారు. ఆయన కాలానికి ఆ జైలు ఇంకా కట్టలేదు, దాని నిర్మాణం 1906లో పూర్తయింది. అయినా మన గడ్డ మీది నుండి వెళ్లిన ఖైదీని తలచుకుంటూ అక్కడ నిలబడితే మనసు ఒక విధంగా అయిపోయింది.

కల్వకుర్తి కోడలు — అక్టోబరు 14, మధ్యాహ్నం 2.15

మాస్టారు గారికి నమస్కారం. పోయిన ఫిబ్రవరిలో మా అత్తగారిని తీసుకుని వెళ్లాను. ఆమెకు అరవై తొమ్మిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

మొదటి రోజు అలసట గురించి మాస్టారు చెప్పినది నిజమే కానీ, దానికి మందు పోర్ట్ బ్లెయిర్‌లో కాదు, శంషాబాద్‌లో ఉందని నా అనుభవం. మేము ముందురోజు సాయంత్రమే కల్వకుర్తి నుండి శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లు, కడ్తాల్, తుక్కుగూడల మీదుగా వెళ్లి, విమానాశ్రయానికి దగ్గరలో ఒక గది తీసుకుని పడుకున్నాము. అత్తగారు రాత్రి పదింటి నుండి మూడున్నర దాకా నిద్రపోయారు. దానితో మరునాడంతా హుషారుగా ఉన్నారు. విమాన టిక్కెట్టు కొనేటప్పుడే చక్రాల కుర్చీ కావాలని నమోదు చేస్తే రెండు విమానాశ్రయాల్లోనూ దాని కోసం వెతుక్కునే పని ఉండదు.

అసలు ఇబ్బంది జెట్టీలలోనే ఎదురయింది. పడవకూ గట్టుకూ మధ్య వేసే చెక్క వంతెన అలలకు కొంచెం కదులుతూ ఉంటుంది. పడవ సిబ్బంది చేయి పట్టుకుని ఎక్కిస్తారు, భయపడవలసిన పని లేదు. అయితే తొందరగా ఎక్కాలనే జనం వెనుక నుండి తోస్తారు. అందుచేత పెద్దవాళ్లతో ఉన్నవారు మొదట్లో కాకుండా అందరూ ఎక్కిన తరువాత ఎక్కడం మేలు. సీటు నంబరు ఎలాగూ మనదే కదా. ఇక నీల్ జెట్టీ సముద్రంలోకి చాలా దూరం చొచ్చుకుపోయి ఉంటుంది. పడవ దిగిన చోటి నుండి బండ్లు ఆగే చోటికి ఎండలో సామానుతో ఆ పొడవంతా నడవాలి. మా అత్తగారు మధ్యలో రెండుసార్లు సూట్‌కేసు మీదే కూర్చున్నారు. మీ అమ్మగారి కోసం నీల్ దీవిని మానుకోండి అని చెప్పడానికి నాకు మనసొప్పడం లేదు, ఎందుకంటే భరత్‌పూర్ తీరంలో నీళ్లు పలుచగా, పచ్చగా ఎంతో అందంగా ఉంటాయి. కానీ నాలుగు రాత్రుల ప్రయాణంలో రెండు దీవులు పెట్టుకుంటే మూడుసార్లు పడవ ఎక్కి దిగాలి. ఒకే దీవిలో ఉంటే రెండుసార్లతో పోతుంది.

వాంతుల గురించి ఎవరూ రాయలేదు. ఆ వేగపు పడవల్లో కొన్నిటికి అన్ని వైపులా అద్దాలే, బయట నిలబడే వీలు లేదు, లోపల ఏసీ చల్లదనం. తల తిరిగేవారికి అది నరకం. మందు పడవ ఎక్కాక వేసుకుంటే పని చేయదు, ముందుగానే వేసుకోవాలి. ఏ మాత్ర, ఎంత ముందుగా అన్నది ముసలివాళ్లకూ పిల్లలకూ డాక్టరును అడిగే నిర్ణయించుకోండి, ముఖ్యంగా బీపీ, షుగరు మందులు వాడేవారు. పడవ మధ్యభాగంలో, కింది అంతస్తులో ఊపు తక్కువగా ఉంటుంది. సీట్లు ఎంచుకునే వీలుంటే అవే తీసుకోండి. ఖాళీ కడుపుతోనూ వద్దు, పూరీలు తినీ వద్దు.

దీవిలో సూర్యాపేట — అక్టోబరు 14, రాత్రి 8.30

కోడలు గారు రాసినది చదివి మా ఇంట్లో చూపించాను, చాలా బాగా రాశారు. నేనూ ఒకే దీవికి ఓటు వేస్తాను. హావ్‌లాక్ దాదాపు 92 చదరపు కిలోమీటర్లు, నీల్ అందులో ఆరో వంతు కూడా ఉండదు. మూడు రాత్రులకు హావ్‌లాక్‌లో చూడవలసినది కావలసినంత ఉంది.

దీవిలో దిగాక బండ్ల సంగతి కూడా ముందే ఆలోచించుకోవాలి. అక్కడ ఊళ్లకు నంబర్లే వాడుక పేర్లు. జెట్టీ ఒకటో నంబరులో ఉంటుంది, బజారు మూడో నంబరులో, ఎక్కువ రిసార్టులు ఐదో నంబరు వైపు, రాధానగర్ తీరం ఏడో నంబరులో ఉంటాయి. జెట్టీ నుండి రాధానగర్‌కు పన్నెండు కిలోమీటర్లు. యువ దంపతులు స్కూటర్లు అద్దెకు తీసుకుంటారు కానీ పదిమందికి, అందులోనూ పెద్దవాళ్లకు, రెండు కార్లు మాట్లాడుకోవడమే దారి. గది తీసుకున్న చోటే ముందుగా చెప్పి పెడితే పడవ దిగేసరికి బండ్లు సిద్ధంగా ఉంటాయి. లేకపోతే ఒకే పడవలో దిగిన వందలమంది ఒక్కసారిగా అక్కడున్న కొద్దిపాటి ఆటోల మీద పడతారు. రిసార్టు ఎంచుకునేటప్పుడు ఇంకొక మాట అడగండి: గది నేల మీదనే ఉందా, మెట్లు ఎక్కాలా? తీరం వెంట కట్టిన కుటీరాల్లో చాలా వాటికి నిటారు చెక్క మెట్లు ఉంటాయి.

ఎలిఫెంట్ బీచ్‌కు జెట్టీ నుండి చిన్న పడవల్లో తీసుకువెళతారు, అడవి దారిన నడిచి కూడా చేరవచ్చు. అక్కడ దిగేటప్పుడు నీళ్లలోకే దిగాలి కాబట్టి మీ అమ్మగారిని ఆ పూట రాధానగర్ చెట్ల నీడలో ఉంచడం మంచిది.

పెద్ద పిల్లలో మీ తమ్ముడో స్కూబా డైవింగ్ చేయాలనుకుంటే అది ప్రయాణ పథకంలో భాగమే అని గుర్తుంచుకోండి. నీటి అడుగున పీడనంలో శరీరంలోకి చేరిన నత్రజని నెమ్మదిగా బయటకు పోవాలి. అది పోకముందే విమానం ఎక్కితే ప్రమాదం. డైవింగ్‌కూ విమానానికీ మధ్య కనీసం పద్దెనిమిది గంటలు, వీలైతే ఒక పూర్తి రోజు ఉండాలి. ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండే పథకానికి ఇది మరో కారణం.

మిర్యాలగూడ మిల్లు — అక్టోబరు 14, రాత్రి 9.10

ఓడ మాట ఉపసంహరించుకుంటున్నాను. కానీ లక్షద్వీప్ సంగతి ఏమిటి? శబరి ఎక్స్‌ప్రెస్ నల్లగొండలో ఆగుతుంది, ఎర్నాకుళంలో దిగితే కొచ్చి అదే కదా.

దేవరకొండ మాస్టారు — అక్టోబరు 15, ఉదయం 6.00

కొచ్చి దాకా మీరు చెప్పినంత సులభమే మిల్లు గారూ. అక్కడి నుండి లక్షద్వీప్‌లోని అగత్తి దీవికి చిన్న విమానం, లేదా దీవిని బట్టి పద్నాలుగు నుండి పద్దెనిమిది గంటల ఓడ. దానికి తోడు లక్షద్వీప్‌లో అడుగు పెట్టడానికి భారతీయులకైనా ప్రవేశ అనుమతి ఉండాలి. హావ్‌లాక్‌కు మన పౌరులకు అలాంటి అనుమతి అక్కరలేదు. పదిమందికి అనుమతి పత్రాలూ, గదులూ, ఓడ సీట్లూ ఒకే తేదీలకు కుదరాలంటే సంక్రాంతికి కాదు, వేసవికి ఆలోచించుకోవాలి. అప్పటికి వానాకాలం ముంచుకొస్తుంది.

వాతావరణం ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. మీరు ఎంచుకున్న జనవరి మంచి నెలే. 2016 డిసెంబరులో, తరువాత వార్దా తుపానుగా మారిన వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నౌకాదళం ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. జనవరిలో అంతటి తుపాను అరుదు కానీ, పథికుడు గారు చెప్పిన ఒక పూట గాలి మాత్రం ఏ నెలలోనైనా రావచ్చు.

పాలమూరు పథికుడు — అక్టోబరు 15, ఉదయం 10.20

కోడలు గారి శంషాబాద్ ఉపాయం మాస్టారి అభ్యంతరాన్ని తీర్చిందనుకుంటాను. మిగిలింది ఇంటి నుండి విమానాశ్రయానికి దారి. సంక్రాంతి ముందు రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. మహబూబ్‌నగర్ నుండి వచ్చే మీ తమ్ముడికి చిక్కు లేదు. జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా నేరుగా శంషాబాద్ వస్తాడు, రెండు గంటల లోపు పని. మీరు మాత్రం విజయవాడ హైవే మీద రావాలి. పండుగకు ఊళ్లకు పోయేవారి కార్లు చౌటుప్పల్ దగ్గరి పంతంగి టోల్‌గేటు వద్ద కిలోమీటర్ల కొద్దీ నిలిచిపోవడం ఏటా చూస్తున్నదే. మీరు వాళ్లకు ఎదురుగా వస్తారు కాబట్టి అంత బాధ ఉండదు కానీ, ఆ రోజుల్లో టోల్ వరుసలు ఎక్కువ భాగం విజయవాడ వైపే తెరుస్తారు, మీ వైపు తక్కువ మిగులుతాయి. అందుకని గంటన్నర అదనంగా పెట్టుకుని పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కండి. లేదా చండూరు, మర్రిగూడల మీదుగా మాల్ చేరి నాగార్జునసాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం వైపు రండి. కారు వద్దనుకుంటే ఎల్‌బీ నగర్ దాకా ఆర్టీసీ బస్సు, అక్కడి నుండి విమానాశ్రయానికి పుష్పక్ బస్సు ఉన్నాయి. కానీ ఇద్దరు పెద్దవాళ్లూ పది సూట్‌కేసులతో అది నేను చేయను.

సూట్‌కేసులంటే గుర్తుకు వచ్చింది. సకినాలూ అరిసెలూ తీసుకుపోకుండా మనవాళ్లు ఉండరు. విమానంలో మనిషికి పదిహేను కిలోలు పెద్ద సామాను, ఏడు కిలోలు చేతి సామాను. ఊరగాయ సీసా చేతి సంచిలో పెడితే తనిఖీ దగ్గర అక్కడే వదిలేయవలసి వస్తుంది, పెద్ద సామానులో వేయండి.

పానగల్లు వాసి — అక్టోబరు 16, రాత్రి 10.00

రెండు రోజులు ఇంట్లో అందరం కూర్చుని మాట్లాడుకుని ఈ విధంగా నిర్ణయించుకున్నాము. 10వ తేదీ సాయంత్రానికి రెండు కుటుంబాలూ శంషాబాద్‌లో కలుసుకుంటాయి. 11 ఉదయం విమానం, మధ్యాహ్నం రెండు గంటల ప్రైవేటు ఫెర్రీ, హావ్‌లాక్‌లో మూడు రాత్రులు. నీల్‌ను ఈసారికి వదిలేశాము. 14వ తేదీ ఉదయం ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్‌కు వచ్చి ఆ రాత్రి అక్కడే ఉండి, 15 మధ్యాహ్నం విమానం ఎక్కుతాము. మొదట ఫెర్రీ సీట్లు ఉన్నాయో లేదో చూసుకుని, వెంటనే విమానం టిక్కెట్లు, ఆ వెనువెంటనే ఫెర్రీ టిక్కెట్లు ఈ సాయంత్రమే కొన్నాను. పేర్లన్నీ ఆధార్‌లో ఉన్నట్లే రాశాను. నాన్నగారి ఇంటిపేరు ఆధార్‌లో తప్పుగా ఉన్న సంగతి అప్పుడే బయటపడింది, దానిని సరిచేయించుకోవడానికి రేపు మీసేవకు వెళుతున్నాము. టిక్కెట్టు మీద ఆ తప్పు పేరే పడింది. సరిచేయించాక రెండూ వేర్వేరుగా ఉంటాయేమోనని ఇప్పుడు కొత్త భయం పట్టుకుంది.

దీవిలో సూర్యాపేట — అక్టోబరు 16, రాత్రి 10.25

అయ్యో, రేపు మీసేవకు వెళ్లకండి! టిక్కెట్టూ కార్డూ ఇప్పుడు ఒకే తప్పుతో సరిపోతున్నాయి, వాటిని అలాగే ఉండనివ్వండి. ప్రయాణం ముగించుకుని వచ్చాక సరిచేయించుకోవచ్చు. 14వ తేదీన సెల్యులార్ జైలు చూడాలనుకుంటే ఆ రోజు అది తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. జెట్టీకి నేను వస్తాను. సకినాలు మాత్రం మరిచిపోకండి.

పానగల్లు వాసి — అక్టోబరు 16, రాత్రి 10.40

మీసేవ ఆగింది. సకినాలకు అమ్మ ఒక డబ్బా వేరుగా పెడతానంది.